చక్రాలు తాకకుండా లేచిపోతే ‘తప్పిన పెను ముప్పు’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విశాఖలోనో దిగబోతున్న విమానం రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి లేచిందంటే, మర్నాడు పేపర్లో శీర్షిక ఎలా ఉంటుందో పాఠకులకు కంఠతా వచ్చు. ‘విమానానికి తప్పిన పెను ముప్పు’. లేదా ‘గాల్లో చక్కర్లు, ప్రయాణికుల హాహాకారాలు’. కింద నాలుగు వాక్యాలు. విమానం ఎందుకు లేచిందన్న సంగతి ఆ నాలుగింటిలో ఉండదు. మీ ఒక్క పత్రికనే అనడం లేదు, అందరి వరసా ఇదే. ఈ అలవాటు ఎందుకు మానాలో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

విమానం అలా లేవడాన్ని గో-అరౌండ్ అంటారు. ల్యాండింగ్ చార్టు మీద దిగే దారితో పాటు, దిగలేకపోతే ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు వెళ్లాలి అన్నది కూడా అచ్చేసి ఉంటుంది. కిందికి దిగడం మొదలుపెట్టకముందే పైలట్లిద్దరూ దాన్ని ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. అంటే ప్రతి ల్యాండింగ్‌లోనూ గో-అరౌండ్ ముందే సిద్ధంగా ఉంటుంది, చాలాసార్లు దాని అవసరం రాదు, అంతే. ఎర్ర సిగ్నల్ దగ్గర రైలు ఆగితే ‘ఘోర ప్రమాదం తప్పింది’ అని మనం రాయం కదా.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర కూడా వినిపించే ప్రశ్న ఒకటుంది: “అంతా కంప్యూటరే నడుపుతుందిగా, పైలట్‌కి పనేముంది?” ముందు దీని సంగతి చూద్దాం.

విమానం తనంతట తాను నేల మీదికి దిగగలదన్న మాట నిజమే. దాన్ని ఆటోలాండ్ అంటారు. ఢిల్లీలో శీతాకాలపు పొగమంచులో వాడేది అదే. కానీ దానికి రన్‌వే దగ్గరుండి రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్ పరికరాలు అందుకు తగ్గ స్థాయివి అయ్యుండాలి, విమానానికీ పైలట్లిద్దరికీ అర్హత ఉండాలి. ఎయిర్‌బస్ ఏ320 విమానంలో అయితే మామూలుగా రెండు ఆటోపైలట్లనూ కలిపి వాడతారు. పక్క నుంచి వీచే గాలి 20 నాట్స్ (గంటకు సుమారు 37 కిలోమీటర్లు) దాటితే ఏ320 ఆటోలాండ్ చేయకూడదు. అదే విమానాన్ని పైలట్ చేత్తో దించితే అంతకంటే చాలా ఎక్కువ గాలిలో దించవచ్చు. పైగా రన్‌వే పక్కన ఇంకో విమానమో వాహనమో కదిలితే ఐఎల్‌ఎస్ సంకేతం వంగిపోతుంది. అందుకే పొగమంచు రోజుల్లో ఆ ప్రాంతాన్ని ఖాళీగా ఉంచుతారు, విమానానికీ విమానానికీ మధ్య దూరం పెంచుతారు. అక్కడ ఆలస్యాలు అందువల్లే. మామూలు రోజుల్లో ఎక్కువ ల్యాండింగ్‌లు చివరి వెయ్యి అడుగుల దగ్గరో, ఐదు వందల దగ్గరో పైలట్ ఆటోపైలట్ తీసేసి చేత్తో చేసేవే. మామూలు స్థాయి ఐఎల్‌ఎస్ ఉన్నచోట 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనబడాలి. కనబడకపోతే గో-అరౌండ్. రాజమండ్రిలోనో గన్నవరంలోనో డిసెంబరు ఉదయాన విమానం దిగకుండా తిరుగుతోందంటే అందులో వింతేమీ లేదు.

ఇక పని సంగతి. 35 వేల అడుగుల నుంచి దిగడానికి ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్ల (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు) చొప్పున లెక్క వేస్తారు. అంటే సుమారు 105 మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. వేగం తగ్గించుకోవడానికి మరికొన్ని మైళ్లు కలుపుకోవాలి. వెనకగాలి ఉంటే ఇంకొన్ని. 10 వేల అడుగుల కింద 250 నాట్స్ దాటకూడదు. చివరి వాలు 3 డిగ్రీలు, అంటే మైలుకు సుమారు 320 అడుగులు. నేల మీద వేగం 140 నాట్స్ అయితే నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగాలి. 20 నాట్స్ వెనకగాలి కలిస్తే అదే 800 అవుతుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. దిగడం, వేగం తగ్గడం రెండూ ఒకేసారి కావాలి. జెట్ విమానానికి ఆ రెండూ పొసగవు. చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్కల అంచున కిందికి దించే పలకలు) లోపలే ఉంచి 3 డిగ్రీల వాలులో దిగుతుంటే ఏ320 వేగం దాదాపు తగ్గనే తగ్గదు. ఫ్లాప్‌లు దించుదామంటే వాటికీ హద్దులున్నాయి. ఏ320లో మొదటి మెట్టుకు 230 నాట్స్, రెండోదానికి 200, మూడోదానికి 185, పూర్తిగా దించడానికి 177. అంతకంటే వేగంగా ఉన్నప్పుడు దించితే రెక్కల భాగాలు దెబ్బతినవచ్చు. ఇంతలో నేల మీది విమాన నియంత్రణ కేంద్రం ఏటీసీ నుంచి ‘5 మైళ్ల దాకా 160 నాట్స్ ఉంచండి’ అని వస్తుంది, వెనక వస్తున్న విమానం కోసం. మరుక్షణం ‘గాలి మారింది, అవతలి వైపు రన్‌వే’ అని వస్తుంది. అప్పుడు ఒక పైలట్ తల దించుకుని ఫ్లైట్ కంప్యూటర్‌లో కొత్త రన్‌వే, కొత్త దారి ఎక్కించాలి. ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీ సరిచూడాలి, ఆగడానికి ఎంత దూరం కావాలో మళ్లీ లెక్కగట్టాలి, కొత్త గో-అరౌండ్ దారి చదవాలి. ఈలోగా రేడియోకి జవాబివ్వాలి. మేఘాల్లో ఉంటే వాతావరణ రాడార్ మీద కన్నుండాలి. 160 నాట్స్ దగ్గర విమానం నిమిషానికి రెండున్నర మైళ్లు పోతుంది. ఒక్క మార్పుకు నాలుగు నిమిషాలు పట్టిందంటే పది మైళ్లు అయిపోయినట్టే.

ఆటోపైలట్ ఈ పనుల్లో దేన్నీ తీసేయదు. అది చేసేది ఒక్కటే: చెప్పిన ఎత్తు, దిశ, వేగాలను చెయ్యి అలసిపోకుండా పట్టుకుని ఉండటం. ఆ సాయం చిన్నదేం కాదు, అదే లేకుంటే మిగతా పనులకు తలలో చోటే మిగలదు. కానీ చేతిపని తీసుకున్నందుకు బదులుగా అది ఇంకో పని అంటగడుతుంది, కాపలా కాసే పని. పొయ్యి మీద పాలు పెట్టి పొంగేదాకా చూస్తూ నిలబడటం ఎంత కష్టమో వంటింట్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు. కళ్లు దాని మీదున్నంతసేపూ పొంగదు, పక్కకి తిరిగితే చాలు, పొంగిపోతుంది.

ఆ కాపలా కూడా అంత తేలిక కాదు. ఆటోపైలట్, ఇంజిన్ల శక్తిని తానే సర్దే ఆటోథ్రస్ట్ అంటే ఒక్క యంత్రం కాదు, రకరకాల మోడ్‌ల (పనిచేసే తీరుల) మూట. ఏ320లో అద్దం కింద అడ్డంగా ఉన్న పలక మీద వేగం, దిశ, ఎత్తు, దిగే రేటు కోసం నాలుగు మీటలుంటాయి. మొదటి మూడింటిలో మీటను లోపలికి నొక్కితే కంప్యూటర్‌లో రాసుకున్న దారి పట్టుకుంటుంది, బయటికి లాగితే పైలట్ పెట్టిన అంకెను పట్టుకుంటుంది. ఇప్పుడు ఏ మోడ్ నడుస్తోంది, తర్వాత ఏది సిద్ధంగా ఉంది అన్నది మాత్రం ఆ పలక మీద కాదు, ముందున్న తెర పైభాగంలో చిన్న అక్షరాల్లో కనబడుతుంది. మోడ్ మారినప్పుడల్లా దాని చుట్టూ తెల్ల గీత ఓ పది సెకన్లు మెరిసి పోతుంది. ఆ అక్షరాలను పైకి చదవాలి, ఇద్దరూ. మీట తిప్పడంతో పని అయిపోలేదు, యంత్రానికి ఏమర్థమైందో చదివితేనే అయినట్టు. “ఇదేం చేస్తోంది? ఎందుకు చేస్తోంది? ఇప్పుడేం చేస్తుంది?” అని పైలట్ల మధ్య ఎప్పటినుంచో ఉన్న మూడు ప్రశ్నల హాస్యం ఈ చిన్న అక్షరాల గురించే.

ఆ అక్షరాలు చదవకపోతే ఏమవుతుందో మన పొరుగునే జరిగింది. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరు పాత విమానాశ్రయంలో దిగబోతూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగమని ఒక మీట తిప్పబోయి, పక్కనున్న ఎత్తు మీట తిప్పి 700 అడుగులు పెట్టి ఉంటారన్నది విచారణలో ఎక్కువ మొగ్గు చూపిన కారణం. 700 అడుగులంటే బెంగళూరు నేల కంటే రెండు వేల అడుగులకు పైగా కింద. దాంతో విమానం ఆ ఎత్తును వెతుక్కుంటూ ఐడిల్ ఓపెన్ డిసెంట్ అనే మోడ్‌లోకి పోయింది. ఈ మోడ్‌లో ఇంజిన్లు కనిష్ఠ శక్తిలోనే ఉంటాయి, వేగాన్ని ముక్కు వాలుతో పట్టుకోవాలి. పైలట్ మాత్రం ఇంజిన్లే వేగం చూసుకుంటాయనుకుని, కిందికి జారిపోతున్న విమానాన్ని నిలబెట్టడానికి ముక్కు ఎత్తుతూ పోయాడు. 132 నాట్స్ ఉండాల్సిన వేగం 106కి పడింది. చివర్లో సంగతి గ్రహించి ఫ్లైట్ డైరెక్టర్లు (విమానాన్ని ఎటు తిప్పాలో ఇద్దరు పైలట్ల తెరల మీదా గీతలతో చూపేవి) ఆపుదామనుకున్నారు. రెండూ ఆపితే ఆటోథ్రస్ట్ వేగం పట్టుకునే మోడ్‌లోకి వస్తుంది. ఒకటి ఆగింది, రెండోది ఆగలేదు.

ఇప్పుడు 23 ఏళ్లు ముందుకు రండి. 2013 జులై 6, శాన్ ఫ్రాన్సిస్కో. ఆసియానా సంస్థ బోయింగ్ 777, సియోల్ నుంచి వచ్చింది. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది, పనులు జరుగుతున్నందున గ్లైడ్‌స్లోప్ (దిగే వాలును చూపే ఐఎల్‌ఎస్ సంకేతం) మాత్రం ఆపేసి ఉంది. విమానం ఎత్తుగా వచ్చింది. త్వరగా దించడానికి పైలట్ ఒక మోడ్ నొక్కాడు. ఎత్తు గడిలో గో-అరౌండ్ కోసం ముందే పెట్టుకున్న 3 వేల అడుగులు ఉండటంతో విమానం దిగడానికి బదులు ఎక్కబోయింది. అతను ఆటోపైలట్ తీసేసి, ఇంజిన్ల శక్తి లీవర్లు వెనక్కి లాగేశాడు. అలా లాగగానే ఆటోథ్రాటిల్ (ఆటోథ్రస్ట్‌కు బోయింగ్‌లో పేరు) ‘హోల్డ్’ అనే మోడ్‌లోకి పోయింది. మాటకు ‘పట్టుకో’ అని అర్థమైనా, లీవర్లను ఇక నేను కదపను అన్నది దాని అసలు సంగతి. 137 నాట్స్ అది చూసుకుంటుందని పైలట్ నమ్మకం. వేగం 103కి పడిపోయింది. తోక సముద్రపు గట్టుకు తగిలింది, 307 మందిలో ముగ్గురు చనిపోయారు. ఇక్కడా రెండు ఫ్లైట్ డైరెక్టర్లూ ఆపి ఉంటే ఆటోథ్రాటిల్ వేగం మోడ్‌లోకి వచ్చేది. ఇక్కడా ఒకటే ఆపారు.

కంపెనీ వేరు, విమానం వేరు, ఖండం వేరు. ఆగని స్విచ్ ఒక్కటే. ఎవరో ఒకరి అజాగ్రత్త అని కొట్టిపారేయడానికి వీల్లేని పోలిక ఇది. ఆ మోడ్‌ల పొత్తు మనిషి తలకు అంత సహజంగా ఎక్కదని అమెరికా విచారణ సంస్థ కూడా ఒప్పుకుని, పైలట్ల తప్పులతో పాటు వ్యవస్థల జటిలత్వాన్నీ కారణాల్లో చేర్చింది. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర కొండకు తగిలిన ఏ320లోనూ ఇదే వరస. 3.3 డిగ్రీల వాలు అనుకుని, మోడ్ మార్చకుండా 33 పెట్టి ఉంటారని బలమైన అనుమానం. ఆ మోడ్‌లో 33 అంటే నిమిషానికి 3,300 అడుగులు. 87 మంది పోయారు. ఆ తర్వాత ఎయిర్‌బస్ ఆ గడిలో నాలుగంకెలూ కనబడేట్టు మార్చింది.

ఆమ్‌స్టర్‌డామ్ ఘటన ఇంకో రకం. 2009 ఫిబ్రవరి 25న టర్కిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లో నేల నుంచి ఎత్తు కొలిచే ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ పాడైంది. సుమారు 2 వేల అడుగుల మీద ఉండగానే అది మైనస్ 8 అడుగులు చూపింది. ఆటోథ్రాటిల్ ఆ ఎడమ పరికరాన్నే నమ్ముతుంది కాబట్టి, నేల తాకబోతున్నామనుకుని ఇంజిన్ల శక్తి తీసేసింది. కుడివైపు పరికరాన్ని చూస్తున్న ఆటోపైలట్ మాత్రం బుద్ధిగా గ్లైడ్‌స్లోప్ పట్టుకునే ఉంది. ముగ్గురు పైలట్లు కాక్‌పిట్‌లో ఉండి ఎందుకు గమనించలేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. విమానాన్ని రన్‌వేకి మామూలు కంటే దగ్గరగా వరసలోకి తిప్పారు, దాంతో గ్లైడ్‌స్లోప్‌ను పైనుంచి కిందికి దిగుతూ అందుకోవాల్సి వచ్చింది. అలా దిగేటప్పుడు ఇంజిన్లు కనిష్ఠంలో ఉండటం మామూలే. వేగం కూడా తగ్గాల్సిందే. తప్పు, ఒప్పు రెండూ ఒకేలా కనబడ్డాయి. అదే సమయంలో వాళ్లు చెక్‌లిస్టు పూర్తిచేసే హడావుడిలో ఉన్నారు. 460 అడుగుల దగ్గర, వేగం మరీ పడిపోయిందన్న హెచ్చరికగా పైలట్ చేతిలోని స్టిక్ వణికేసరికి ఆలస్యమైంది. తొమ్మిది మంది చనిపోయారు.

పైనుంచి గ్లైడ్‌స్లోప్ అందుకోవడం అన్నమాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఇది నిషేధం కాదు, పద్ధతి ఉంది. ఏ320లో అయితే ఎత్తు గడిలో ఇప్పుడున్న ఎత్తు కంటే పై అంకె పెడతారు, లేకపోతే మధ్యలో ఆ ఎత్తు దగ్గర ఆటోపైలట్ ఆగిపోతుంది. నిమిషానికి 1,500 అడుగులతో మొదలుపెడతారు, 2 వేలు దాటనివ్వరు. చక్రాలు ముందే దించుతారు. వెయ్యి అడుగుల లోపల కుదురుకోకపోతే వదిలేయడమే. అసలు గ్లైడ్‌కు పైన 9 డిగ్రీల దగ్గర దొంగ గ్లైడ్ కూడా ఒకటుంటుంది, యంత్రం దాన్ని అసలుదనుకుని పట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే మైలుకు 320 అడుగుల లెక్కను రన్‌వే దూరంతో పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉండాలి.

పరికరాలన్నీ సరిగా ఉండి, మోడ్‌లన్నీ సరిగా ఉండి, అయినా తప్పయ్యే దారి కూడా ఉంది. 2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్‌లో ఒక ఏ320కి ఏటీసీ కంట్రోలర్ నోటి నుంచి, ఎత్తు లెక్కకు వాడే వాయుపీడనం 1001 హెక్టోపాస్కల్స్‌కు బదులు 1011 అని వచ్చింది. పైలట్లు అదే తిరిగి చెప్పారు, అదే పెట్టుకున్నారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగులు, పదికి 280. వాళ్లు వస్తున్నది ఐఎల్‌ఎస్ మీద కాదు, ఉపగ్రహాల ఆధారంగా దారి, వాయుపీడనం ఆధారంగా ఎత్తు చూసుకునే అప్రోచ్ (రన్‌వేకి దిగి వచ్చే పద్ధతి). విమానం అసలు దారికి 280 అడుగుల కింద, దానికి సమాంతరంగా దిగుతూనే ఉంది. తెర మీద గీతలన్నీ నడిమధ్యన ఉన్నాయి. వానలో రన్‌వే కనబడక పైలట్లు గో-అరౌండ్ చేశారు. చేసేటప్పటికి రన్‌వేకి ఇంకా 0.8 మైలు ఉంది, నేలకు 6 అడుగులే ఉంది. 178 మందిని కాపాడింది ‘కనబడలేదు, పోదాం’ అన్న ఆ మామూలు నియమమే. ఏ తెలుగు పత్రిక దీన్ని పెను ముప్పు తప్పిందని రాసినా నాకు అభ్యంతరం లేదు. నిజంగానే అది ముప్పు. కానీ ఆ శీర్షికలో కూడా ముప్పు గో-అరౌండ్ కాదు, దానికి ముందు వచ్చిన అంకె.

ఇదంతా తెలిసే, విమానయాన రంగం ఒక గీత గీసింది. మేఘాల్లో అయితే వెయ్యి అడుగుల దగ్గర, రన్‌వే స్పష్టంగా కనబడుతుంటే 500 అడుగుల దగ్గర విమానం ‘కుదురుగా’ ఉండాలి. కుదురు అంటే ఊహ కాదు, కొలతలున్నాయి. వేగం అనుకున్నదానికి 10 నాట్స్ ఎక్కువ, 5 తక్కువ లోపల. దిగే రేటు నిమిషానికి వెయ్యి అడుగుల లోపల. చక్రాలు, ఫ్లాప్‌లు పూర్తిగా దిగి ఉండాలి. ఇంజిన్లు కనిష్ఠంలో కాకుండా కొంచెం శక్తి మీద ఉండాలి, ఎందుకంటే కనిష్ఠం నుంచి పూర్తి శక్తికి రావడానికి జెట్ ఇంజిన్‌కు ఆరు నుంచి ఎనిమిది సెకన్లు పడుతుంది. చెక్‌లిస్టు అయిపోయి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గో-అరౌండ్. వెయ్యి అడుగుల నుంచి నేలకు సుమారు 85 సెకన్లు. ‘ఇంకాసేపట్లో సరిపోతుందిలే’ అనుకోవడానికి అందులో చోటు లేదు.

అయినా అనుకుంటారు. అస్థిరంగా సాగే అప్రోచ్‌లలో నూటికి మూడు మాత్రమే గో-అరౌండ్‌తో ముగుస్తాయని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. మిగతా 97 దిగిపోతాయి, చాలావరకు ఏమీ కాదు, ఏమీ కాకపోవడమే తర్వాతిసారికి ధైర్యం ఇస్తుంది. మంగళూరులో 2010 మే 22న అలాంటి ధైర్యమే 158 ప్రాణాలు తీసింది. దుబాయ్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి ఉదయం ఆరింటికి వచ్చిన బోయింగ్ 737. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రలో ఉన్నాడు. విమానం చాలా ఎత్తులో వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ అన్నాడు. 50 అడుగుల ఎత్తున 144 నాట్స్‌తో దాటాల్సిన రన్‌వే అంచును 200 అడుగుల ఎత్తున, 160కి పైగా వేగంతో దాటారు. 8,033 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక చక్రాలు తాకాయి. ఆ ఉదయం కో-పైలట్ మొదటిసారి అన్నప్పుడే కెప్టెన్ వినుంటే విమానం పావుగంట ఆలస్యంగా దిగేది. మరి మన శీర్షిక ఏమై ఉండేది? ‘మంగళూరులో తప్పిన పెను ముప్పు’ అనే కదా! రెక్కల మీద 160 మంది సొంత మనుషుల్ని మోసుకొస్తున్న కెప్టెన్ మనసులో ఆ శీర్షిక ఉండకూడదు. యాజమాన్యాలు గో-అరౌండ్‌కు శిక్ష వేయబోమని కాగితం మీద రాసుకున్నాయి. ఆ శిక్షను పేపర్లు వేయకూడదు.

గో-అరౌండ్ కూడా పిల్లాట కాదని దాచను. నూటికి ఒకసారి కూడా చేయని పని, నేలకు దగ్గరగా, హఠాత్తుగా చేయాలి. ఏ320లో లీవర్లు పూర్తిగా ముందుకు, ముక్కు 15 డిగ్రీలకు, ఫ్లాప్‌లు ఒక మెట్టు పైకి, తెర మీద మోడ్ మారిందో లేదో చదవడం, విమానం ఎక్కుతోందని రూఢి అయ్యాక చక్రాలు లోపలికి. ఇంధనం తగ్గి తేలికైన విమానం పూర్తి శక్తితో బాణంలా లేస్తుంది, ఏటీసీ ఇచ్చిన ఎత్తేమో 2, 3 వేల అడుగులే, కాబట్టి అరనిమిషంలో మళ్లీ అన్నీ తగ్గించాలి. చీకట్లో ఆ తోపుడుకు చెవిలోని సమతూక యంత్రాంగం మోసపోతుంది. ముక్కు విపరీతంగా పైకి లేచిందన్న భ్రమ కలిగి పైలట్ కిందికి నెడతాడు. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ ఏ320 అలాగే సముద్రంలోకి పోయింది, 143 మంది.

యంత్రం ఇక్కడ కూడా ఒక మెలిక పెట్టింది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ 777 గుర్తుండే ఉంటుంది. గాలి మారి, విమానం రన్‌వే మీద చాలాసేపు తేలి, చక్రాలు తాకాయి. అప్పుడు గో-అరౌండ్ అనుకుని బటన్ నొక్కారు. చక్రాలు నేల తాకాక ఆ బటన్ పనిచేయకుండా కట్టడి ఉంది, పొరపాటున నొక్కుకోకుండా ఉండటానికి పెట్టిన కట్టడి. లీవర్లు కదల్లేదు. గాల్లో నొక్కినప్పుడల్లా వాటంతటవే ముందుకెళ్లే లీవర్లు కదా, కదిలాయో లేదో ఎవరూ చూడలేదు. ముక్కు ఎత్తారు, చక్రాలు ముడిచారు. విమానం 85 అడుగులు లేచి, ఇంజిన్లలో శక్తి లేక కింద పడింది. 300 మందీ బయటపడ్డారు, మంటలార్పుతున్న అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు చనిపోయారు. బటన్ నొక్కినా లీవర్ మీద చెయ్యి వేసి ముందుకు నెట్టుకోవడమే దీనికి మందు. చేతి అలవాటు తప్పితే వచ్చే ఇలాంటి నష్టాలను అంతకుముందే చూసి, 2013 జనవరిలోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తగిన పరిస్థితుల్లో చేత్తో నడపడాన్ని ప్రోత్సహించమని విమాన సంస్థలకు సూచన ఇచ్చింది. అందులోనూ ఒక తిరకాసు ఉంది. ఒక పైలట్ చేత్తో నడుపుతుంటే మీటలన్నీ రెండో పైలట్ తిప్పాలి, రేడియో కూడా అతనే చూడాలి. రద్దీ వేళ, వానలో ఆ సాధన కుదరదు. ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్నాలే దానికి అనువు.

అలసట గురించి ఒక్క మాట. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య మనిషి చురుకు అట్టడుగున ఉంటుంది, కాపలా పని మొదట దెబ్బతినేది అప్పుడే. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో ఇచ్చిన నిబంధనల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి విధుల్లో ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించింది అందుకే. అవి పూర్తిగా అమల్లోకి వచ్చాక 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. ఆ పది రోజులూ పేపర్లలో ప్రయాణికుల అగచాట్లు వచ్చాయి, రావాల్సిందే. ఆ రెండు అంకెల వెనక ఉన్న కారణం మాత్రం మన పేపర్లలో ఎక్కడో మూలన కూడా కష్టంగానే దొరికింది.

చివరగా మీ విలేకరులకు పనికొచ్చే సంగతులు. ‘గాల్లో చక్కర్లు’ అంటే చాలాసార్లు హోల్డింగ్, అంటే దిగే వంతు కోసం ఒకేచోట తిరుగుతూ ఆగడం. కోడిగుడ్డు ఆకారంలో ఒక్కో చుట్టుకు నాలుగు నిమిషాలు. ఇరవై నిమిషాలు తిరిగిందంటే ఐదు చుట్లు. ఏ320కి అప్పుడు నిమిషానికి సుమారు 40 కిలోల ఇంధనం ఖర్చవుతుంది. దానికీ, వేరే విమానాశ్రయానికి వెళ్లడానికీ, ఆ తర్వాత ఇంకో అరగంటకూ సరిపడా ఇంధనం ముందే నింపుకుని బయల్దేరతారు. కాబట్టి ‘ఇంధనం అయిపోతుందేమోనని ఆందోళన’ అని రాసే ముందు ఒక ఫోన్ చేయండి. గో-అరౌండ్ జరిగితే ఎయిర్‌పోర్టు అధికారినో విమాన సంస్థనో అడగాల్సిన ప్రశ్నలు నాలుగే: రన్‌వే మీద ఇంకో విమానం ఉందా? గాలి ఎంత, ఎటు? రన్‌వే ఎంత దూరం కనబడింది? విమానం వెయ్యి అడుగుల దగ్గర కుదురుగా ఉందా? నాలుగో ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోవచ్చు, మొదటి మూడింటికి వస్తుంది. అప్పుడు శీర్షిక ఇలా పెట్టవచ్చు: ‘ఎదురుగాలి మారడంతో రెండో ప్రయత్నంలో దిగిన విమానం, 14 నిమిషాల ఆలస్యం’. జిల్లా పేజీలో ఒక కాలమ్ వార్తకు ఇది సరిపోతుంది.

ఇట్లు,
విమానయాన శిక్షణ రంగానికి చెందిన ఒక పాఠకుడు,
హైదరాబాద్